కథలు ఎలా కట్టబడతాయో చెప్పిన ప్రాప్, టొడొరోవ్ అనే ఇద్దరు పండితుల సిద్ధాంతాలను పరీక్షలో ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’ (1981) సినిమాకి ఎలా అన్వయించాలి?

ముందు ప్రాప్ సంగతి. రష్యన్ జానపద కథల మీద 1928లో వచ్చిన పుస్తకంలో ఆయన చెప్పింది ఏంటంటే, పాత్ర ఎవరన్నది కాదు, కథలో ఏ పని చేస్తుందన్నది చూడాలి. అలాంటి పాత్రలు 7 రకాలు. ఈ సినిమాలో పురావస్తు ప్రొఫెసర్ ఇండియానా జోన్స్ నాయకుడు, ‘ఆర్క్’ అనే పవిత్ర పేటికని (పది ఆజ్ఞల పలకలు దాచారని చెప్పే పెట్టె) వెతకమని పంపే సైనిక అధికారులు ‘పంపేవాళ్లు’, అతని మిత్రుడు సల్లా సహాయకుడు. ఇక్కడిదాకా ఈజీ.

అసలు మజా ఇండియానా పాత ప్రేయసి మేరియన్ దగ్గరుంది. చాలామంది ఆమెని ‘రాకుమారి’ (నాయకుడు చివరికి పొందే పాత్ర) అని రాసేసి ఊరుకుంటారు, కానీ పేటిక జాడ చెప్పే పతకం నేపాల్‌లో ఆమె దగ్గరే ఉంటుంది కాబట్టి ఆమె ‘దాత’ (నాయకుడికి కావాల్సిన వస్తువు ఇచ్చే పాత్ర) కూడా. ఒకే మనిషి రెండు పనులు చేయొచ్చని ప్రాపే ఒప్పుకున్నాడు, ఇది రాస్తే మార్కులు పడతాయి. నాజీలతో కలిసి పనిచేసే పురావస్తు పరిశోధకుడు బెలాక్ కూడా అంతే, ప్రతినాయకుడే అయినా నాయకుడి లాంటి చదువు, నాయకుడి లాంటి ఆశ ఉన్న ‘నకిలీ నాయకుడు’.

టొడొరోవ్ లెక్కలో సమతుల్యత, దానికి భంగం, కొత్త సమతుల్యత ఉండాలి. కాలేజీలో పాఠాలు చెప్పుకునే జీవితం మొదటిది, నాజీలు పేటిక కోసం తవ్వుతున్నారన్న కబురు రెండోది. చివర్లో మాత్రం తిరకాసు: శత్రువులని చంపేది పేటికే, హీరో కట్టేసి ఉండి కళ్లు మూసుకుంటాడంతే! పైగా పేటిక గోదాములోకి పోతుంది, అతనికి ఆ అసంతృప్తి మిగులుతుంది. సిద్ధాంతం పూర్తిగా అతకని ఈ చోటు గురించే ఎక్కువ రాయండి.