బోరుబండి స్టేజీ మీదికి రానక్కర్లేదు నాయనా

నాయనా,

నువ్వు పంపిన నాటిక నిన్న రాత్రి రెండుసార్లు చదివినా, పొద్దున లేచి మొదటి సీను ఒక్కటి పైకి గట్టిగా చదువుకున్నా. తొమ్మిదో క్లాసు పిల్లోడు మీ ఇంటి చేన్లో పడని బోరు మీద నాటిక రాసినాడంటే నాకు నిజంగా కడుపు నిండింది, ఆ మాట ముందు చెప్పి మిగతాది చెప్తా.

ఉత్తరంలో ఒక మాట అడిగినావు. మా తెలుగు సార్ శనివారం నాటకాల క్లాసులో నార్వే ఇబ్సెన్, రష్యా చెహోవ్ అని నాటకాలు రాసినోళ్ల పేర్లు చెప్తా ఉన్నారు, నోట్సు రాసుకుంటా ఉన్నాం, కానీ తాడిపత్రిలో స్కూల్ డేకి నాటిక వేసుకునేదానికి వాళ్లతో మాకేం పని సార్ అని. మంచి ప్రశ్న. జవాబు నీ నాటికలోనే ఉంది. రెండో సీన్లో "బోరుబండి వచ్చును, దుమ్ము లేచును" అని రాసి పక్కన పెన్సిల్‌తో "ఎట్లా?" అని పెట్టుకున్నావు చూడు, ఆ "ఎట్లా" అనేదానికే వాళ్లిద్దరూ జీవితమంతా జవాబు వెతికినారు.

చెహోవ్ చెర్రీ తోట నాటకం 1904లో మాస్కో ఆర్ట్ థియేటర్ వేసింది. అప్పుల్లో పడిన ఒక కుటుంబం, వాళ్ల తోట వేలానికి వస్తుంది. ఇప్పుడు మన మామూలు రచయిత అయితే ఏం చేస్తాడు, వేలం సీను పెడతాడు, పాటలు పాడిస్తాడు, ఒకటోసారి రెండోసారి అనిపిస్తాడు. చెహోవ్ ఆ వేలాన్ని మనకు చూపించనే చూపించడు. అది ఊర్లో ఎక్కడో జరుగుతా ఉంటుంది, స్టేజీ మీద మాత్రం ఇంట్లో వాళ్లు డాన్సు చేస్తా, మధ్య మధ్యలో ఇంకా కబురు రాలేదే అని తలుపు దిక్కు చూస్తా ఉంటారు. ఆఖరికి ఒకడు వచ్చి తోట అమ్ముడుపోయింది, కొన్నది నేనే అంటాడు. వాడి తాతా తండ్రీ అదే ఎస్టేట్‌లో బానిసలు. నాటకం చివర్లో చెట్లు నరికే గొడ్డలి చప్పుడు వినిపిస్తుంది, చెట్టు పడేది కనిపించదు. ఇబ్సెన్‌దీ అంతే, 1879లో రాసిన బొమ్మరిల్లు నాటకం మొత్తం ఒకే గదిలో నడుస్తుంది, చివర్లో నోరా అనే ఇల్లాలు మొగుణ్ణి వదిలేసి వెళ్లిపోయినాక బయట వీధి తలుపు మూసుకున్న చప్పుడు మాత్రం వస్తుంది. ఆ ఒక్క చప్పుడు మీద యూరప్ అంతా ఏండ్ల తరబడి కొట్లాడుకున్నారు.

ఇంక నీ నాటికకు రా. బోరుబండి స్టేజీ మీదికి వద్దు. దాని చప్పుడు చాలు. ఫోన్లో నిజం బండి చప్పుడే రికార్డు చేసుకో, అయితే స్పీకర్ స్టేజీ మీద పెట్టొద్దు, చూసేవాళ్ల వెనక పెట్టు. అప్పుడు నీ పాత్రలందరూ జనాల తలల మీదుగా దూరంగా చూస్తారు, కూర్చున్నోళ్లందరూ నీ చేన్లో కూర్చున్నట్టు అయిపోతారు. స్టేజీ మీద ఉండాల్సింది ఇంటి వాకిలి ఒక్కటే. ఒక మంచం, ఒక ఖాళీ బిందె, అరుగు మీద అవ్వ. చిన్నపిల్లోడు చేన్లో నుంచి ఉరుక్కుంటా వచ్చి "మూడు నూర్లు" అని చెప్పి మళ్లీ ఉరుకుతాడు. కాసేపటికి "ఐదు నూర్లు". బోరుకు డబ్బు అడుగు లెక్కన, లోతుకు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది, ఇది మన దిక్కు చూసేవాళ్లకు నువ్వు చెప్పనక్కర్లేదు, వాళ్ల గుండెల్లోనే లెక్క నడుస్తా ఉంటుంది. "ఏడు నూర్లు" అన్నప్పుడు అమ్మ ఏమీ మాట్లాడకుండా చెవుల కమ్మలు తీసి మంచం మీద పెట్టాల, అంతే, డైలాగు వద్దు. నువ్వు అక్కడ ఆమెతో పదమూడు లైన్లు ఏడిపించినావు, అవన్నీ కొట్టేయ్.

నాన్న స్పీచు కూడా కొట్టేయ్. పేజీన్నర రాసినావు, రైతే దేశానికి వెన్నెముక అని. చెనిక్కాయ పంట పోయి, మూడో బోరు కూడా పడక, అప్పు తలమీద పెట్టుకున్న మనిషి దేశం గురించి మాట్లాడడు నాయనా. బండోళ్లకు టీ ఇచ్చినారా అని అడుగుతాడు. మీ నాన్న ఆ రోజు ఏమన్నాడో గుర్తు తెచ్చుకో, అది ఎట్లా అన్నాడో అట్లే రాయి, "నేను వెళ్లుచున్నాను" అని కాకుండా "పోయొస్తా" అని. గురజాడ కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడినప్పుడే ఇంట్లో మాట స్టేజీ ఎక్కింది, ఇంకా మనం పుస్తకం భాష పట్టుకుని ఎందుకు ఉండాల?

నేను నీకంటే కొంచెం పెద్దోడిగా ఉన్నప్పుడు నా మొదటి నాటికకు పన్నెండు సీన్లు రాసినా. సీను సీనుకూ తెర. ఐదో సీను దగ్గర తెర తాడు చిక్కుపడి పైకీ పోలేదు, కిందికీ రాలేదు, దాని కింద నుంచి మా నటుల కాళ్లు అటూ ఇటూ తిరిగేది జనాలందరికీ కనిపిస్తా ఉంది. ముందు వరుస వాళ్లు లేచి పోతా ఉంటే వింగులో నిలబడి చూసినా. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. తాడుది తప్పు కాదు, పన్నెండు చోట్లకు పరిగెత్తిన నాది తప్పు. అప్పటి నుంచి ఏది రాసినా ముందు అడుగుకునేది ఒక్కటే, ఇది ఒకే వాకిట్లో జరుగుతుందా అని.

మొదటి సీన్లో కొబ్బరికాయతో నీళ్ల పాయింటు చూసే ఆయన్ని పెట్టినావే, అది మాత్రం బంగారం. అరచేతిలో పండుకోబెట్టిన కాయ నడుస్తా నడుస్తా ఉంటే లేచి నిలబడడం. దాన్ని తొందరగా దాటించేసినావు. ఆయన వాకిలి దాటి చేనంతా, అంటే జనాల మధ్యలో, నిదానంగా నడవాల, ఇంటిల్లిపాదీ ఊపిరి బిగపట్టి ఆ కాయనే చూడాల, ఒక నిమిషం పట్టినా పట్టనీ.

ఇంకొకటి, అమ్మ వేషం మగపిల్లోడికి ఇచ్చినానని రాసినావు, ఆడపిల్లల ఇండ్లలో ఒప్పుకోరని. పెద్ద నటుడు బళ్లారి రాఘవ 1880లో పుట్టింది మీ తాడిపత్రిలోనే, ఆడవాళ్ల పాత్రలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టిన మనిషి. కడప జిల్లా సురభి పల్లెలో 1885లో మొదలైన సురభి నాటకాల్లో ఇంటి ఆడవాళ్లే స్టేజీ ఎక్కినారు. నూరేండ్ల తర్వాత కూడా మనం చీర కట్టిన పిల్లోణ్ణి చూపించి నవ్వించాల్నా, కమ్మలు తీసే సీన్లో? మీ సార్‌ను, మీ క్లాసు టీచరమ్మను తోడు తీసుకుని ఆ వేషం వేసే పిల్ల అమ్మ దగ్గరికే పోయి అడుగు. ఒక ఇంట్లో వద్దంటే ఇంకో ఇంటికి పో.

చివర్లో నీళ్లు పడాల్నా వద్దా అని కదా నీ బాధ, స్కూల్ డే రోజు ఏడిపించొద్దు అని పెద్దోళ్లు అంటా ఉన్నారని. మన దిక్కు వాడే ధర్మవరం రామకృష్ణమాచార్యులు, రాఘవకు మేనమామ, నాటకం సుఖంగానే ముగియాలని అందరూ అనుకునే కాలంలో విషాద సారంగధర రాసి ఆడించినాడు. నీ చేన్లో నీళ్లు పడలేదు కదా, పడినాయని రాయొద్దు. చప్పుడు ఆగిపోవాల. ఆగినాక నువ్వు మనసులో పది లెక్కపెట్టేదాకా ఎవరూ కదలకూడదు. తర్వాత అవ్వ లేచి లోపలికి పోయి టీ గ్లాసులు తెచ్చి, చేను దిక్కు, అంటే జనాల మధ్యలో నుంచే, నడుచుకుంటా పోవాల. తెర వద్దు. లైటు ఆర్పినా చాలు.

మొత్తం మళ్లీ రాయి, కానీ కూర్చుని కాదు, వాకిట్లో నిలబడి ఒక్కో మాట పలుక్కుంటా రాయి. నోరు తిరగని చోట గీత పెట్టుకో. రిహార్సల్ ఏ శనివారమో మీ సార్‌ను అడిగి చెప్పు, పొద్దున బస్సుకు అనంతపురం నుంచి బయల్దేరి వస్తా. స్పీకర్ ఎక్కడ పెట్టాల్నో క్లాసు రూములో తిరిగి చూసి పెడదాం.