మందు మెదడుకెక్కితే: అల్లుడికి మామయ్య లేఖ

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

పార్టీ అన్నప్పుడల్లా చివరికి అందరినీ చూసుకునే పని నీ నెత్తినే పడుతోందని రాశావు. అయితే మందు లోపలికెళ్ళి ఏం చేస్తుందో నీకు తెలిసి ఉండాలి. తాగొద్దని చెప్పడానికి మీ అమ్మ ఉంది, నేను లెక్క చెబుతాను.

పెగ్గులు, సీసాలు లెక్కపెట్టకు, గ్రాములు లెక్కపెట్టు. తాగిన మిల్లీలీటర్లను సీసా మీద రాసిన శాతంతో గుణించి, వందతో భాగించి, మళ్ళీ 0.79తో గుణిస్తే ఆల్కహాల్ గ్రాములు వస్తాయి. 40 శాతం విస్కీ 30 మి.లీ. పెగ్గులో తొమ్మిదిన్నర గ్రాములుంటాయి. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో 41 గ్రాములు, అంటే నాలుగు పెగ్గుల పైమాటే. “బీరే కదరా” అనేవాడికి ఈ లెక్క వేసి చూపించు.

అదే సీసా ఒక్కొక్కరి మీద ఒక్కోలా పనిచేస్తుంది. మనిషి బరువును మగవాళ్ళకైతే 0.68తో, ఆడవాళ్ళకైతే 0.55తో గుణించి, దాంతో గ్రాములను భాగించు. రక్తంలో లీటరుకు ఎన్ని గ్రాములు చేరుతుందో సుమారుగా తెలుస్తుంది. స్వీడన్ శాస్త్రవేత్త విడ్‌మార్క్ చూపిన దారి ఇది. ఆ 41 గ్రాములూ 70 కిలోల కుర్రాడిలో 0.86కి వస్తే, 55 కిలోల అమ్మాయిలో 1.36కి పోతాయి. ఖాళీ కడుపుతో గటగటా తాగితే ఆ అంకె దగ్గరికి త్వరగా చేరతారు. కడుపునిండా తిని నిదానంగా తాగితే అంత ఎత్తుకు పోదు, ఎందుకంటే మందు ఎక్కువగా ఒంటికి పట్టేది చిన్నపేగులో. తిండి ఉంటే అది పొట్టలోనే కాసేపు ఆగుతుంది.

ఇక మెదడు సంగతి. నాడీకణాలను నెమ్మదింపజేసే రసాయనం గాబా, ఉరికించేది గ్లూటమేట్. మందు గాబా పనిని పెంచుతుంది, గ్లూటమేట్ పనిని అణచేస్తుంది. రెండు వైపుల నుంచీ నెమ్మదింపే. మరి మొదటి అరగంటలో అంత హుషారెందుకంటావా? రక్తంలో అంకె పైకి ఎక్కుతున్నంతసేపూ హాయినిచ్చే రసాయనాలు డోపమిన్, ఎండార్ఫిన్లు కూడా పెరుగుతాయి. పైగా నుదుటి వెనక ఉండి “ఇక చాల్లే” అనే భాగం ముందే జోగుతుంది. అంకె దిగడం మొదలయ్యాక మిగిలేది నీరసం, చిరాకు. పోయిన హుషారు కోసం మనవాళ్ళు అప్పుడే ఇంకో పెగ్గు పోసుకుంటారు. మత్తు పెరుగుతుంది గాని హుషారు రాదు. అందుకే ఎంత తాగాలన్నది మొదటి గుక్కకు ముందే తేల్చుకోవాలి, మూడో పెగ్గు దగ్గర తీసుకునే నిర్ణయాలకు విలువ లేదు.

“రాత్రి ఏం జరిగిందో గుర్తులేదు” అనే కేసును జాగ్రత్తగా చూడు. నాడీకణాల మీద గ్లూటమేట్ అందుకునే ఒక రకం గ్రాహకాలు (రిసెప్టర్లు) మూతపడితే, మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం కొత్త జ్ఞాపకాలను రాయడం ఆపేస్తుంది. ఆ మనిషి నడుస్తాడు, జోకులేస్తాడు, బిల్లు కడతాడు. అవేవీ లోపల నమోదు కావు. రాయనిదాన్ని పొద్దున్నే ఎంత తవ్వినా రాదు. లీటరుకు 1.6 గ్రాముల ప్రాంతం నుంచి, ముఖ్యంగా వేగంగా ఎక్కినప్పుడు, ఇది ఎక్కువగా జరుగుతుంది. కనిపెట్టడం తేలికే: ఐదు నిమిషాల్లో అదే ప్రశ్న రెండోసారి అడుగుతాడు. “ఇందాక మనం దేని గురించి మాట్లాడుకున్నాం?” అని అడిగి చూడు. తెల్లమొహం వేస్తే ఆ మనిషిని ఒంటరిగా ఎక్కడికీ పంపకు.

కాఫీతో మత్తు దిగదు. నిద్రమబ్బు తెప్పించే అడినోసిన్‌కు కెఫీన్ అడ్డుపడుతుంది, అంతే. చేతులు, తీర్పు, చూపు తాగినట్టే ఉంటాయి. కాకపోతే ఇప్పుడు కళ్ళు తెరుచుకుని ఉన్నాడు కాబట్టి బండి తాళాలు అడుగుతాడు. ఎనర్జీ డ్రింకులో కలిపి తాగడమూ ఇంతే.

నిద్రమాత్రలు, ఆందోళనకు వాడే అల్ప్రజోలం లాంటివి మందులాగే గాబా మీదే పనిచేస్తాయి. నల్లమందు జాతి నొప్పి మందులు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు వేరే దారిలో వచ్చి ఊపిరినే అణుస్తాయి. వీటిలో ఏదైనా వేసుకున్నవాళ్ళకు ఒక్క పెగ్గు కూడా పోయనివ్వకు.

పడిపోయిన మనిషి విషయంలో “పడుకుంటే అదే సర్దుకుంటుంది” అనే మాట వినకు. చివరి గ్లాసు తర్వాత కూడా పొట్టలో ఉన్నది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది, గంట గడిచేసరికి పరిస్థితి ముదరొచ్చు. మెదడు కింది భాగం మొద్దుబారితే వాంతి గొంతుకు అడ్డంపడినా దగ్గు రాదు. వెల్లకిలా ఉంచకు. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నీ వైపున్న చేతిని పక్కకు చాపు. అవతలి చేతిని నీ వైపు చెంప కింద పెట్టు. అవతలి మోకాలు మడిచి నీ వైపుకు లాగితే మనిషి పక్కకు తిరుగుతాడు. తల కాస్త వెనక్కి వంచి, నోరు నేలవైపు ఉండేలా చూడు. ఛాతీ చూస్తూ పూర్తి నిమిషం ఊపిరి లెక్కపెట్టు. ఎనిమిది కంటే తక్కువైనా, రెండు ఊపిర్ల మధ్య పది సెకన్లు దాటినా, పెదాలు నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా, గట్టిగా గిల్లితే కదలకపోయినా అంబులెన్స్‌ పిలువు. తలకు దెబ్బ తగిలిందా, ఇన్సులిన్ వాడతాడా అన్నది వాళ్ళకు చెప్పు. మందు వల్ల చక్కెర పడిపోయినా మనిషి అచ్చం తాగినవాడిలాగే కనిపిస్తాడు. వేలు పెట్టి కక్కించడం, చన్నీళ్ళు గుమ్మరించడం రెండూ ప్రమాదమే.

తెల్లవారుజామున మెలకువ, గుండెదడ, కారణం లేని భయం మామూలే. మందు దిగిపోయాక, అణిగి ఉన్న గ్లూటమేట్ పైకి లేస్తుంది. నీళ్ళు, తిండి, నిద్ర చాలు. మళ్ళీ ఓ పెగ్గేస్తే తగ్గినట్టు అనిపించడం నిజమే, కానీ ఆ భయం సాయంత్రానికి వాయిదా పడుతుందంతే. రోజూ బాగా తాగేవాడు ఆపగానే వణుకుతుంటే మాత్రం అది వేరే సంగతి, ఫిట్స్ దాకా పోవచ్చు. డాక్టరు చేతిలో పెట్టు.

కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములే ఖర్చు చేస్తుంది, నిమ్మరసానికి, స్నానానికి ఆ వేగం మారదు. రాత్రి 12కి ఆపినవాడి ఒంట్లో అప్పటికి 80 గ్రాములుంటే అది పోయేసరికి ఉదయం 8 అవుతుంది, ఒక్కోసారి 11 దాటుతుంది. తాళాలు నీ దగ్గరే పెట్టుకుని మధ్యాహ్నం ఇవ్వు.

మీ మామయ్య