ముక్కు నేలకు గుచ్చుకుంటే

ప్రశ్న: ఇంజిన్ ఆగిన చిన్న విమానం చేలో బాగానే దిగి, చివర్లో తలకిందులైన వీడియో చూశాను. నేల తాకాక కూడా ఎందుకలా? చేను కన్నా రోడ్డు మేలు కాదా? - ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు చక్రం వల్ల. సెస్నా 172 అనే చిన్న విమానంలో వెనక రెండు చక్రాల కాళ్లు దృఢమైనవి, ముందుది అంత మోటుది కాదు. మెత్తటి నేలలో అది దిగబడిందంటే వెనకున్న బరువంతా ముందుకు తోసుకొచ్చి తోక పైకి లేస్తుంది. అడ్డంగా గట్టు తగిలినా అంతే. అందుకే దిగాక కూడా యోక్‌ను (విమానం నడిపే చేతిచక్రాన్ని) పొట్టకేసి లాగిపట్టి, ముక్కును వీలైనంతసేపు గాల్లోనే ఉంచాలి. దున్నిన చేనైతే చాళ్ల వెంబడే దిగాలి. నాట్లేసిన మడి పైనుంచి పచ్చిక బయలులా ఊరిస్తుంది, కింద ఉండేది బురద. కోతై ఎండిన చేను వెతుక్కోవాలి.

రోడ్డు అంటారా, కరెంటు తీగలు పైనుంచి కనిపించవు. స్తంభాలు కనిపిస్తే తీగలున్నట్టే లెక్క.

అన్నిటికన్నా ముఖ్యం వేగం. ఇంజిన్ ఆగాక 172ఎస్ (172లో ఒక రకం) 68 నాట్ల దగ్గర (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్ల వేగం) ఎక్కువ దూరం జారుతుంది: గాలి లేనప్పుడు వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు 2.7 కిలోమీటర్లు. నేల తాకేటప్పుడు మాత్రం ఎంత నెమ్మదైతే అంత మంచిది. గాల్లో 50 నాట్లతో వస్తున్న విమానానికి 10 నాట్ల ఎదురుగాలి ఉంటే నేల మీద వేగం 40, అదే గాలి వెనకనుంచైతే 60. తేడా 20 నాట్లే అనిపిస్తుంది గానీ, దెబ్బ వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక రెట్టింపు దాటిపోతుంది.

చేను అందుతుందని తేలాకే ఫ్లాప్స్ (వేగం తగ్గించుకోవడానికి రెక్కల వెనక అంచున దించే పలకలు) పూర్తిగా దించాలి. ఇంధనం, ఇగ్నిషన్ కట్టేయాలి, తలుపుల గడియ తీసి ఉంచాలి, లేకపోతే ఫ్రేము వంగి ఇరుక్కుపోతాయి. విమానం మొత్తానికి కరెంటు ఆపే మాస్టర్ స్విచ్ చివర్లో కట్టేయాలి. 172ఎస్‌లో ఫ్లాప్స్ కరెంటుతోనే కదులుతాయి మరి!

ప్రశ్న: హాలీవుడ్ నటుడు హారిసన్ ఫోర్డ్ విమానం గోల్ఫ్ మైదానంలో పడింది కదా. పెట్రోలు అయిపోయిందా? - ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అయిపోలేదు, ఎక్కువైంది. 2015 మార్చి 5న కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నుంచి లేచిన కాసేపటికే ఆయన రయాన్ పీటీ-22 ఇంజిన్ ఆగింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి శిక్షణ విమానమది. రన్‌వే అందక, చెట్టు కొమ్మలకు తగిలి, పక్కనున్న గోల్ఫ్ మైదానంలో పడింది. కార్బురేటర్‌లోని (ఇంధనాన్ని గాలితో కలిపే భాగంలోని) మెయిన్ జెట్ మరలు ఊడి స్థానం తప్పిందని దర్యాప్తులో తేలింది. జెట్ సన్నని రంధ్రమున్న చిన్న ముక్క. ఇంజిన్‌కు ఎంత ఇంధనం వెళ్లాలో దాని రంధ్రమే కొలుస్తుంది. అది ఊడితే ఇంధనం అడ్డూ అదుపూ లేకుండా పారుతుంది. ఒక పాలు పెట్రోలు మండడానికి బరువులో సుమారు 15 పాళ్ల గాలి కావాలి. ఆ లెక్క బాగా తప్పితే మిశ్రమం మండదు.

గాయాలు తీవ్రం కావడానికి భుజం బెల్టు బిగింపు కూడా కారణమని నివేదిక చెప్పింది. బెల్టు బలంగానే ఉంది. దాన్ని తగిలించిన చోటు మాత్రం సీటు వెనకున్న పల్చటి అల్యూమినియం రేకు. దానికి దన్నుగా మరో ప్లేటు వేయలేదు. కుదుపుకు రేకు చిరిగి బెల్టు వదులైపోయింది. పాత విమానాలకు కొత్తగా బెల్టులు అమర్చినప్పుడు పట్టీని కాదు, దాని రెండో కొస ఎక్కడ బిగించారో చూడాలి.