ఇల్లు ఈ పేటలో, బడి ఇంకో చోటా?

ప్రశ్న: రెండేళ్ల కిందట న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఇల్లు కొన్నాం. అప్పటికే మా వీధి మారిపోతోంది, పాత ఇళ్లు పడగొట్టి అద్దాల అపార్ట్‌మెంట్లు లేపుతున్నారు. ఇంటి అడ్రసుని బట్టి మా జోన్‌కి వచ్చే ప్రభుత్వ బడికి ఆన్‌లైన్‌లో రేటింగ్ పదికి మూడే. పిల్లల్లో చాలామంది పక్కనే పేదలకి తక్కువ అద్దెకిచ్చే ప్రభుత్వ ఇళ్ల నుంచి వచ్చే నల్లజాతి, లాటినో పిల్లలు. బాబు వచ్చే ఏడాది కిండర్‌గార్టెన్‌లో చేరాలి. మావారు చార్టర్ స్కూల్ (ప్రభుత్వ డబ్బుతో వేరే సంస్థలు నడిపే ఉచిత బడి) లాటరీ వేద్దాం, రాకపోతే ప్రైవేటు అంటున్నారు. మాలాంటి వాళ్లు వస్తూనే ఉన్నారు కాబట్టి బడి ఎలాగూ బాగుపడుతుంది, అప్పుడు మార్చుకోవచ్చు కదా?
– ఒక పాఠకురాలు, బ్రూక్లిన్

జవాబు: 'ఎలాగూ బాగుపడుతుంది' అన్నారు చూశారా, చిక్కంతా ఆ మాటలోనే ఉంది. డబ్బున్నవాళ్లు పేటలోకి వచ్చినంత మాత్రాన బడి దానంతటదే బాగుపడదండీ. అద్దెలు పెరిగి పాత కుటుంబాలు పిల్లల్ని తీసుకుని వెళ్లిపోతాయి, ఆ ఇళ్లలోకి వచ్చేవాళ్లకి పిల్లలుండరు, ఉన్నా మీవారిలాగే చార్టర్ అనో ప్రైవేటు అనో అంటారు. న్యూయార్క్‌లో బడి బడ్జెట్‌లో పెద్ద భాగం పిల్లల సంఖ్యని బట్టే వస్తుంది. అన్ని క్లాసుల్లో కలిపి ఓ పాతికమంది తగ్గారనుకోండి, నడపాల్సిన క్లాసులు అన్నే, చేతిలో డబ్బు మాత్రం తక్కువ. వీధి కళకళలాడుతుంటే బడి వెలవెలబోయేది ఇలాగే.

రేటింగ్ గురించి టెన్షన్ పడకండి. అందులో పరీక్ష మార్కుల వాటా ఎక్కువ, మార్కులేమో చాలావరకు ఇంటి ఆదాయాన్ని బట్టి ఉంటాయి. టీచరు ఎలా చెబుతోందో ఆ మూడుకి తెలీదు.

ఇక రెండో రకం ఇబ్బంది, ఇది నేను కళ్లారా చూసింది, కొంత నా వల్ల జరిగింది కూడా. మా అమ్మాయిని ఇలాంటి బడిలోనే వేశాం. రెండు మూడేళ్లలో మాలాంటి వాళ్లు బాగా పెరిగారు. పేద పిల్లలు ఎక్కువున్న బడులకి 1965 నాటి చట్టం కింద 'టైటిల్ వన్' అనే కేంద్ర నిధులొస్తాయి, వాళ్ల శాతం ఒక గీత కిందికి పడితే ఆ డబ్బు ఆగిపోతుంది. మా బడికి ఆగింది. చదవడంలో వెనకబడిన పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి చదివించే టీచరమ్మ పోస్టు పోయింది. అదే ఏడాది మేం పీటీఏ (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) తరఫున చందాలు పోగేసి యోగా క్లాసు పెట్టించాం! మీటింగు పొద్దున ఎనిమిదిన్నరకి, అంటే షిఫ్టుల్లో పనిచేసే అమ్మానాన్నలు రాలేని టైముకి. ముందు వరసలో లాప్‌టాప్‌లు తెరుచుకుని మేము, వెనక గోడ పక్కన స్పానిష్ మాట్లాడే ఇద్దరు అమ్మమ్మలు, అనువాదం వినిపించాల్సిన హెడ్‌సెట్‌లో ఛార్జింగ్ లేదు. ఎవరూ లేచి అడగలేదు, నేనూ అడగలేదు.

అందుకే మీరొస్తే అక్కడివాళ్లు ఎగిరి గంతేస్తారనుకోకండి. మీ బ్రూక్లిన్‌లోనే కిక్కిరిసిపోయిన పి.ఎస్. 8 (పి.ఎస్. అంటే పబ్లిక్ స్కూల్, ప్రభుత్వ బడి) జోన్‌లో కొంత భాగాన్ని పక్కనున్న పి.ఎస్. 307కి కలపాలన్నప్పుడు పెద్ద గొడవయింది, చివరికి 2016 జనవరిలో ఓటేసి కలిపారు. పి.ఎస్. 8 వైపు వాళ్లు మా పిల్లలు అక్కడికా అన్నారు సరే, 307 తల్లిదండ్రులకీ భయాలున్నాయి: మా నిధులు పోతాయేమో, మా బడి మాది కాకుండా పోతుందేమో అని. నాకైతే ఆ రెండో భయమే న్యాయంగా అనిపించింది. దీనికి మందు లేకపోలేదు. బ్రూక్లిన్‌లోనే డిస్ట్రిక్ట్ 15 అనే బడుల విభాగంలోని మిడిల్ స్కూళ్లలో 2019 నుంచి మార్కులు చూసి ఏరుకోవడం మానేసి, 52 శాతం సీట్లలో తక్కువ ఆదాయం వాళ్లకి, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలకి, ఇల్లు లేనివాళ్లకి ప్రాధాన్యం ఇచ్చారు. అంతే తప్ప ఎవరికి వాళ్లం మంచివాళ్లమైతే సరిపోయే వ్యవహారం కాదిది.

నన్నడిగితే బాబుని జోన్ బడిలోనే వేయండి, ఇప్పుడే వేయండి. మొదటి ఏడాది పీటీఏలో పదవులు తీసుకోకండి, మీటింగు సాయంత్రం పెట్టమని మాత్రం అడగండి. బడి చూపించే టూర్‌కి వెళ్లినప్పుడు ఐప్యాడ్లు ఎన్నున్నాయని కాకుండా, టైటిల్ వన్ డబ్బుతో ఏం నడుస్తోంది, అది ఆగితే ముందు ఏది పోతుంది అని ప్రిన్సిపాల్‌ని అడగండి. మీవారికి ఇంకా అనుమానముంటే, ఒకరోజు బడి వదిలే టైముకి గేటు దగ్గర పది నిమిషాలు నిలబడి రమ్మనండి.