‘ఆఫెన్’ ఎక్కడ పెట్టాలి?
మీరు అడిగిన ‘స్టూడెంట్స్ హూ ప్రాక్టీస్ ఆఫెన్ ఇంప్రూవ్’లో గ్రామర్ తప్పేం లేదండీ, చిక్కల్లా ‘ఆఫెన్’ రెండు క్రియల మధ్య ఇరుక్కోవడమే. తరచూ ప్రాక్టీస్ చేసేవాళ్లు మెరుగవుతారనా, ప్రాక్టీస్ చేసేవాళ్లు తరచూ మెరుగవుతారనా? చదివేవాళ్లకు తెలియదు. తెలుగులో ‘తరచూ’ సాధారణంగా తన క్రియకు ముందే ఉంటుంది కాబట్టి మనకు ఈ తికమక రాదు, ఇక్కడా అదే చేయండి: మొదటి అర్థం కావాలంటే ‘హూ ఆఫెన్ ప్రాక్టీస్’, రెండోది కావాలంటే ‘హూ ప్రాక్టీస్ విల్ ఆఫెన్ ఇంప్రూవ్’. బికాజ్, వెన్, ఇఫ్ తర్వాత కూడా ఇంతే, ‘బికాజ్ హి ఆఫెన్ కమ్స్ లేట్’. కాకపోతే ఈజ్, ఆర్, లేదా మరో క్రియకు తోడుగా వచ్చే హ్యావ్ లాంటివి ఉంటే ఆఫెన్, ఆల్వేస్, నెవర్ లాంటి మాటల్ని వాటి తర్వాత పెట్టాలి, ‘బికాజ్ హి ఈజ్ ఆల్వేస్ లేట్’, ‘ఇఫ్ యూ హ్యావ్ నెవర్ సీన్ ఇట్’. చాలామంది జారేది ఇక్కడే, ఈ ఒక్కటీ గట్టిగా పట్టుకోండి, టెన్షన్ వద్దు.