సెన్సిటివిటీ టూత్‌పేస్ట్ పళ్లు జివ్వుమనడాన్ని ఎలా తగ్గిస్తుంది?

చల్లనీళ్లు తగలగానే పన్ను జివ్వుమంటోందంటే చాలాసార్లు చిగురు వెనక్కి తగ్గో, పంటి గట్టి పైపొర ఎనామిల్ అరిగో లోపలి పొర డెంటిన్ బయటపడిందన్నమాట. డెంటిన్ నిండా కంటికి కనిపించని సన్నటి గొట్టాలు, వాటిలో ద్రవం ఉంటాయి. చల్లదనానికి ఆ ద్రవం కదిలి లోపలి నరాన్ని రేపుతుంది.

పొటాషియం నైట్రేట్ (మామూలుగా 5 శాతం) ఉన్న పేస్ట్ నరం మీదే పనిచేస్తుంది. పొటాషియం గొట్టాల్లోంచి లోపలికి చేరి నరం చుట్టూ పెరిగితే, ఆ నరం నొప్పి సంకేతాన్ని సరిగా పంపలేదు. ఇందుకు రోజూ రెండుసార్లు వాడినా 2 నుంచి 4 వారాలు పడుతుంది. మూడు రోజులకే పక్కన పెట్టేయకండి. మానేస్తే మళ్లీ మొదలవుతుంది కూడా.

స్టానస్ ఫ్లోరైడ్, ఆర్జినిన్, కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్ రకాలు గొట్టాల మూతులనే పూడ్చేస్తాయి. ఆర్జినిన్ పేస్ట్‌ను జివ్వుమనే చోట వేలితో ఒక నిమిషం రుద్దితే కొందరికి అప్పటికప్పుడే తేడా తెలుస్తుంది.

మెత్తటి బ్రష్‌తో, ఒత్తకుండా, 2 నిమిషాలు తోమండి. నురగ ఉమ్మేసి ఊరుకోండి. నీళ్లతో బాగా పుక్కిలిస్తే మందంతా పోతుంది. పుల్లటి రసాలు, కూల్‌డ్రింకులు తాగాక కనీసం అరగంట ఆగి తోమాలి, లేకపోతే మెత్తబడిన ఎనామిల్ ఇంకా అరుగుతుంది. బొగ్గు పొడులు, గరుకు పళ్లపొడులు మాత్రం పూర్తిగా మానేయాలి.

ఒకే పన్ను నొప్పి పెడుతున్నా, కొరికితే కలుక్కుమన్నా, చల్లదనం పోయాక కూడా నొప్పి నిలిచి ఉన్నా అది పుచ్చో పగులో కావచ్చు. అప్పుడు పేస్టులు మారుస్తూ కూర్చోకుండా దంతవైద్యులకు చూపించండి.