మచ్చని రుద్దకు అమ్మలూ

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటోలు రాత్రి చూశాను, పొద్దున్న మళ్ళీ కిటికీ దగ్గర కూర్చుని చూశాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. నీ బుగ్గల మీదా గడ్డం కిందా ఉన్నవి మొటిమలు మానాక మిగిలిన మచ్చలు. మంగు కాదు. మంగైతే రెండు చెంపల మీదా ఒకేలా, మబ్బు పట్టినట్టు పరుచుకుంటుంది, నీకు మొటిమ వచ్చిన చోటే చుక్కలా ఉంది. కాబట్టి ముందు ఆ టెన్షన్ తీసేయ్, ఇవి పోయే రకం మచ్చలే. ఆ ఎర్రదనం, మంట మాత్రం మచ్చల వల్ల కాదు. ఏడు సీసాలు కొని ఏడూ ఒకే వారంలో మొదలుపెట్టావు చూడు, దాని వల్ల.

మన రంగు చర్మానికి ఒక స్వభావం ఉంది. ఎక్కడ దెబ్బ తగిలినా, గిల్లినా, కాలినా, రుద్దినా అక్కడ రంగు తయారుచేసే కణాలు ఉలిక్కిపడి మెలనిన్ అనే నల్ల రంగుని ఎక్కువగా పోస్తాయి. అంటే మచ్చ మురికి కాదు, చర్మం తనని తాను కాపాడుకోవడానికి వేసుకున్న గొడుగు. దాన్ని స్క్రబ్బుతో రుద్దితే ఇంకో దెబ్బ తగిలిందనుకుని ఇంకాస్త నల్లబడుతుంది. పార్లర్ పెట్టిన ఈ ఇరవై రెండేళ్ళలో నేను నేర్చుకున్నదాంట్లో ముఖ్యమైనది ఇదే, కానీ నేర్చుకునేసరికి నా మొహమే ఒకసారి పాడైంది, అది నీకు ఎప్పుడూ చెప్పలేదు.

నాకు నలభై దాటాక మంగు వచ్చింది. ఒక మందుల షాపులో అడిగితే చీటీ అడక్కుండా ఒక చిన్న ట్యూబు ఇచ్చారు. రాసిన పది రోజులకే మొహం అద్దంలా అయింది, పార్లర్‌కి వచ్చిన ప్రతివాళ్ళూ ఏం రాస్తున్నావని అడిగేవాళ్ళు. సంవత్సరంన్నర వాడాను. తర్వాత చర్మం ఉల్లిపొరలా పల్చబడింది, పొయ్యి దగ్గర నిలబడితే కారం పూసినట్టు మంట, బుగ్గల మీద సన్నని ఎర్ర నరాలు, చెంపల మీద నూగు వెంట్రుకలు. ట్యూబు మానేస్తే మొహమంతా పొక్కులు, మళ్ళీ రాస్తే తగ్గేవి. చివరికి బరంపురం వెళ్ళి చర్మం డాక్టర్‌కి చూపిస్తే ఆ ట్యూబులో నలుపు తగ్గించే హైడ్రోక్వినోన్, చర్మం పొర ఊడదీసే ట్రెటినోయిన్‌లతో పాటు స్టెరాయిడ్ కూడా ఉందని, డాక్టర్ చూస్తుండగా కొన్ని వారాలు మాత్రమే వాడాల్సిన మందు అని చెప్పారు. కోలుకోవడానికి ఏడాది పట్టింది, మంగు వెనక్కి వచ్చి కూర్చుంది. స్టెరాయిడ్ క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకుండా కేంద్రం 2018లో నిబంధన బిగించింది, అయినా అడిగితే ఇచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. నీ స్నేహితురాలు ఇచ్చిందన్న ట్యూబు మీద మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసాల్ లాంటి స్టెరాయిడ్ పేర్లు ఉన్నాయేమో చూడు. ఉంటే మొహానికి తగిలించకు. ఇప్పటికే నెలలుగా రాస్తూ ఉంటే మాత్రం ఒక్కసారిగా ఆపకుండా డాక్టర్‌ని అడిగి ఆపు. పేరూ ఊరూ లేని ఫెయిర్‌నెస్ క్రీముల జోలికి అసలు పోకు, వాటిలో కొన్నింట్లో పాదరసం ఉంటుంది, అలాంటి క్రీములు వాడినవాళ్ళకి కిడ్నీ జబ్బు వచ్చిన సంగతి 2023లో కేరళలో బయటపడింది.

నేను చర్మాన్ని చూసుకునే కొరియా పద్ధతి వైపు వచ్చింది ఆ దెబ్బ తిన్నాకే. అక్కడివాళ్ళ గాజులా మెరిసే చర్మం నాకు అక్కర్లేదు, నాకు నచ్చింది వాళ్ళ ఓపిక. ముందు చర్మం పైపొరని బాగుచేసుకుని, తర్వాత తక్కువ ఘాటున్న మందుని పల్చగా, రోజూ, నెలల తరబడి రాస్తారు. పది మెట్ల పద్ధతి అని వీడియోల్లో చూపిస్తారే, అది మన ఉక్కలో, అందులోనూ రోజూ స్కూటీ మీద కాశీనగరం వెళ్ళి బడి చెప్పొచ్చే పిల్లకి అనవసరం. నాలుగు చాలు, కడగడం, మాయిశ్చరైజర్, మచ్చకి సీరం, సన్‌స్క్రీన్.

ఇప్పటి నుంచి రెండు వారాలు నీ ఏడు సీసాల్లో మూడే బయట ఉంచు, మెత్తని ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. మిగతావన్నీ, ముఖ్యంగా ఆ ఏసిడ్ పీలింగ్ సీసా, రెటినాల్ అనే విటమిన్ ఎ సీరం, ఇరవై శాతం విటమిన్ సి మూడూ బీరువాలో పెట్టెయ్. వాటిలో ఏ ఒక్కటీ చెడ్డది కాదు, మూడూ కలిపి మంట మీదున్న చర్మానికి రాయడమే చెడ్డ. మంట పూర్తిగా పోయి, ఉత్త నీళ్ళు పోసుకున్నా చురుక్కుమనకుండా ఉంటేనే తర్వాతి మెట్టు.

సాయంత్రం ఇంటికొచ్చాక సన్‌స్క్రీన్ పూర్తిగా తీసెయ్యాలి. కొరియావాళ్ళ క్లెన్సింగ్ ఆయిల్ దీనికి నిజంగా పనికొచ్చే వస్తువు. చేతులూ మొహమూ పొడిగా ఉండగానే రాసి వేళ్ళ కొసలతో నిమిషం పాటు మెల్లగా తిప్పు, తర్వాత తడి చేతులతో అద్దితే అది పాలలా తెల్లగా మారుతుంది, అప్పుడు కడిగేసి ఫేస్‌వాష్ వాడు. ఒంటిసబ్బు మొహానికి వద్దు, మామూలు సబ్బుకి క్షారం ఎక్కువ, చర్మానికి కావలసింది కాస్త పులుపు వైపు, ఐదున్నర పి.హెచ్. దగ్గరలో ఉండేది. తుండుతో రుద్దకుండా అద్దుకో. మొహం ఇంకా కాస్త తడిగా ఉండగానే మాయిశ్చరైజర్ రాసెయ్.

మూడో వారం నుంచి నియాసినమైడ్ అనే బి విటమిన్ సీరం, రోజు విడిచి రోజు రాత్రి, మొహమంతటికీ రెండు మూడు చుక్కలు. రెండు నుంచి ఐదు శాతం లోపలున్నది తీసుకో. కొరియా ప్రభుత్వం నలుపు తగ్గించే పదార్థంగా నియాసినమైడ్‌కి పెట్టిన కొలత కూడా అంతే, రెండు నుంచి ఐదు. మన దగ్గర పది శాతం, ఇంకా పైన కూడా అమ్ముతున్నారు, ఎక్కువైతే మంచిదనుకుంటాం కానీ ఎర్రబడేది అక్కడే. ఇది చర్మాన్ని బ్లీచ్ చెయ్యదు. రంగు కణాలు తయారుచేసిన మెలనిన్ పైపొరలోకి వెళ్ళకుండా చాలావరకు అడ్డుకుంటుంది, పాత మచ్చ చర్మం పొరతో పాటు నెమ్మదిగా రాలిపోతుంది. నెల గడిచి అది నీ చర్మానికి పడిందనుకుంటే మచ్చ తగ్గించేది ఇంకొక్కటి చేర్చు, ట్రానెక్సామిక్ ఏసిడ్ గానీ ఆల్ఫా ఆర్బుటిన్ గానీ. రెండూ ఒకేసారి కాదు. ఏ కొత్త సీసా అయినా ముందు చెవి వెనక మూడు రోజులు రాసి చూశాకే మొహానికి. విటమిన్ సి వాడాలని ఉంటే చలికాలంలో చూద్దాం, అది ఎండకీ వేడికీ పాడైపోతుంది, ముదురు గోధుమ రంగుకి తిరిగితే పారెయ్యాలి.

నువ్వు సికా క్రీము గురించి అడిగావు కదా, అది మంచిదే, వాడు. అదేమిటో తెలుసా? మన సరస్వతి ఆకు. ఒడియావాళ్ళు థాల్‌కుడి అంటారు, మన పర్లాకిమిడి చుట్టుపక్కల చెరువుగట్ల మీద, పొలం గట్ల తడిలో గుండ్రంగా నాణెంలా పాకుతుంది, పచ్చడి కూడా చేసుకుంటారు. దాన్లో ఉన్న మేడెకాసోసైడ్ లాంటివాటిని తీసి వాళ్ళు క్రీముల్లో కలుపుతున్నారు. మంటని చల్లారుస్తుంది, మచ్చని నేరుగా తగ్గించేది కాదు. అలాగని గట్టు మీది ఆకు నూరి మొహానికి పట్టించకు, మట్టీ క్రిములూ కలిసి కొత్త మొటిమలు లేస్తాయి. పచ్చడే చేసుకో. బియ్యం కడిగిన నీళ్ళు కూడా అంతే, ఇంట్లో నిలవబెట్టి పులిసినవి వద్దు.

ఇక సన్‌స్క్రీన్. మిగతావన్నీ మానేసినా నాకు బాధ లేదు, ఇది మానేస్తే మాత్రం ఆ సీరంల డబ్బంతా దండగ, ఎందుకంటే రాత్రి నువ్వు తగ్గించుకున్నది పగలు ఎండ మళ్ళీ నింపేస్తుంది. ఎండకి కాలకుండా కాపాడే కొలత ఎస్.పి.ఎఫ్. యాభై, నల్లబరిచే కిరణాలని ఆపే కొలత పి.ఎ. పక్కన నాలుగు ప్లస్‌లున్నది తీసుకో. కొరియావి చాలావరకు మన రంగు మీద బూడిద పూసినట్టు తెల్లగా తేలవు, జిడ్డు తక్కువ, అవి నచ్చడానికి నాకు అదొక కారణం. చూపుడువేలు, నడిమివేలు రెండింటి మీదా మొదలు నుంచి కొస దాకా గీత గీసినట్టు పిండు, మొహానికీ మెడకీ అంత కావాలి. నువ్వు శనగగింజంత రాస్తున్నావని నీ చెవుల ముందు నలుపు చూస్తేనే తెలుస్తోంది, హెల్మెట్‌కీ స్కార్ఫ్‌కీ మధ్య ఆ సందులో ఎండ పడుతోంది. బయలుదేరే పావుగంట ముందు రాయి, మధ్యాహ్నం అన్నం తిన్నాక చెమట అద్దుకుని మళ్ళీ రాయి. మబ్బు పట్టిన రోజున కూడా రాయాలి. నువ్వు పాఠం చెప్పే గదిలో బల్ల కిటికీ పక్కనే ఉందన్నావు కదా, చర్మాన్ని నల్లబరిచే కిరణాలు అద్దంలోంచి కూడా వస్తాయి, వీలైతే బల్ల ఇవతలికి జరుపుకో.

మీ వదినకి ఆరో నెలలో వచ్చింది మాత్రం మంగే. తనకి ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ కావాలి, మంగుకి ఎండలోని మామూలు వెలుగు కూడా పడదు, పొయ్యి వేడి కూడా పడదు. రెటినాల్, హైడ్రోక్వినోన్ ఉన్నవి కడుపుతో ఉన్నప్పుడు ముట్టుకోకూడదు. అజెలాయిక్ ఏసిడ్ వాడుకోవచ్చంటారు, కానీ తన డాక్టర్‌ని ఒక మాట అడిగాకే. కాన్పయ్యాక చాలామందికి దానంతటదే పల్చబడుతుంది, తనని కంగారు పెట్టొద్దని చెప్పు.

ఇంట్లో మా అక్క, అదే మీ అమ్మ, చెప్పేవాటిలో నిమ్మకాయ ఒక్కటి ఎవరు చెప్పినా వినకు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలి అంతకంటే నల్లటి మచ్చ పడుతుంది, పోయిన వేసవిలో ఒక పెళ్ళికూతురు పైపెదవి మీద అలా మీసంలా గోధుమరంగు గీత వేసుకుని నా దగ్గరికి వచ్చింది. దాని మీద నేను చెయ్యగలిగింది ఏమీ లేక, మేకప్‌తో కప్పి పంపాను, ఆ పిల్ల అద్దంలో చూసుకుంటూ ఏడ్చింది. సోడా, టూత్‌పేస్ట్, బ్లీచ్ అన్నీ ఆ కోవలోవే. సున్నిపిండి ఒంటికి హాయిగా వాడుకో, మచ్చలున్న మొహానికి గరుకు పిండి వద్దు. కొన్ని నలుపులు మొటిమల వల్ల కాదు కూడా. కుంకుమలోని రంగు పడక నుదురు నల్లబడినవాళ్ళున్నారు, జుట్టు రంగుతో నుదుటి అంచులు నల్లబడినవాళ్ళున్నారు, పలాసలో జీడిపిక్కలు కొట్టి చేతులు జీడికి కాలి నల్లబడ్డ ఆడవాళ్ళని చూశాను. వాళ్ళకి ఏ సీరం రాసినా కారణం ఆగందే మచ్చ ఆగదు. మెడ వెనక మఖమల్‌లా మందంగా నల్లబడితే రుద్దడం ఆపి షుగర్ పరీక్ష చేయించాలి. లేతగా తెల్లబారి, ముట్టుకుంటే స్పర్శ తెలియని మచ్చైతే అదే రోజు ప్రభుత్వాసుపత్రికి, కుష్ఠుకి అక్కడ మందు ఉచితం.

కొనేటప్పుడు పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడు. కొరియా డబ్బాల మీద తేదీలో సంవత్సరం ముందు, రోజు చివర ఉంటుంది, దాన్ని తిరగేసి చదివి పాతదనుకోకు. ఖరీదైనదే కావాలని లేదు, అదే నియాసినమైడ్ మన దేశపు సీసాలో సగం ధరకి దొరికితే అదే తీసుకో.

ఎనిమిది నుంచి పన్నెండు వారాలకి తేడా తెలుస్తుంది. గోధుమరంగు మచ్చలు ముందు పోతాయి, గడ్డం మీద నీలం కలిసినట్టున్న ఆ రెండూ లోతువి, వాటికి ఏడాది కూడా పట్టొచ్చు. రోజూ అద్దంలో వెతుక్కోకు, నెలకోసారి అదే కిటికీ దగ్గర, అదే వేళకి ఫోటో తీసి పక్కపక్కన పెట్టి చూడు. కొత్త మొటిమలు ఆగకపోతే మచ్చలూ ఆగవు, మూడు నెలలకీ అలాగే ఉంటే బరంపురం మెడికల్ కాలేజీలో చర్మ విభాగానికి నేనే తీసుకెళ్తాను.

మాఘమాసంలో పెళ్ళిచూపులని, ఈలోపు తెల్లబడాలని అక్క అంటోందని రాశావు. మచ్చ తగ్గడం వేరు, తెల్లబడటం వేరు. మచ్చ తగ్గితే నీ అసలు రంగు బయటికి వస్తుంది, అది మా అమ్మ రంగు, చామనఛాయ, దాన్ని మార్చడానికి నేను ఒక్క చుక్క కూడా రాయనివ్వను. అక్కతో నేను మాట్లాడతాను, నువ్వు ఎదురు చెప్పి గొడవ పెట్టుకోకు.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం పార్లర్ మూసేస్తున్నాను, నువ్వు రా. సీసాలన్నీ సంచిలో వేసుకుని రా, ఆ స్నేహితురాలి ట్యూబు కూడా పారెయ్యకుండా పట్టుకురా, వెనక ఏం రాసుందో నేను చదవాలి. మొహానికి ఏమీ రాసుకోకుండా, నీళ్ళతో కడుక్కుని మాత్రమే రా.

నీ పిన్ని,
పర్లాకిమిడి